అంగడిలో నవ్విన మేనత్త

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే పిల్లలెవరూ ఇంటిపట్టున ఉండేవాళ్ళు కాదు. ముందు ఇప్పపువ్వు, అది అయిపోయాక తునికిపళ్ళు, ఆ వెనకే సారపళ్ళు. మాది శబరి ఒడ్డున, బస్తరు సంస్థానానికి చిట్టచివర, పొద్దున బండి కడితే మధ్యాహ్నానికి కోంట చేరుకునేంత దూరంలో ఉన్న చిన్న పల్లె. ఏరు ఇవతల జగదల్‌పూర్ రాజుగారి ఏలుబడి, అవతల తెల్లవాళ్ళది. ఇంట్లో తెలుగు, అడవిలో తోటి పిల్లలతో దోర్లీ, అంగడికి పోతే హల్బీ, ఠాణా జవాన్లు వస్తే హిందీ. ఇన్ని మాటలు వచ్చిన నేను ఒక ఎండాకాలమంతా ఏ మాటలోనూ నోరు విప్పలేదు. దానికి కారణం ఒక సారగింజ.

సారపండు తీపి పైపైనే. గుజ్జు చప్పరించేశాక లోపల రాయిలాంటి గింజ మిగులుతుంది. దాన్ని పగలగొడితే వచ్చే పలుకు కోసమే పెద్దవాళ్ళ ఆరాటం, ఎందుకంటే ఆ పలుకులు పోస్తేనే షావుకారు ఉప్పు కొలిచేవాడు. గింజలు ఎండబెట్టి, తిరగలిలో మెల్లగా తిప్పి, చేటతో చెరగడం ఆడవాళ్ళ పని. పిల్లలకు అంత ఓపిక ఎక్కడిది? పళ్ళ మధ్య పెట్టి పటుక్కుమనిపించేవాళ్ళం. వెనక పళ్ళతో కొరికేవాళ్ళు మామూలు పిల్లలు. ముందుపళ్ళతో కొరికి, పలుకు చెక్కుచెదరకుండా నాలుక మీద పెట్టి చూపించేవాళ్ళదే పెత్తనం. ఆ ఏడాది మా వాడకట్టులో ఆ పెత్తనం నాది. ఒకరోజు బాగా ఎండిన గింజ ఒకటి పట్టుకుని, అందరూ చూస్తుండగా కొరికాను. పటుక్కుమంది. పలుకు చెక్కుచెదరలేదు, నా పన్నే విరిగింది.

పైవరసలో సరిగ్గా నడిమి పన్ను. కింది మూల వాలుగా లేచిపోయి అరచేతిలో పడింది. నేనేమీ బెంగపడలేదు. అంతకు కొద్ది ఏళ్ళ ముందే పాలపళ్ళు ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరేసి కొత్తవి తెప్పించుకున్న దాన్ని కదా! ఆ ముక్కను కూడా అలాగే పేడలో చుట్టి గడ్డికప్పు మీదికి విసిరాను. రోజూ లేవగానే నాలుకతో తడిమి చూసుకునేదాన్ని. ఆ మర్యాద పాలపళ్ళకే అని నాకెవరూ చెప్పలేదు. పన్ను పెరగలేదు సరికదా, విరిగిన అంచు నాలుకను గీరేది, చన్నీళ్ళు తాగితే నడినెత్తిదాకా జివ్వుమనేది.

అప్పటినుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాను. అడిగినదానికి తల ఊపడం, లేకపోతే తల వంచడం. పిల్లకు బుద్ధి వచ్చిందని మా నాయనమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. అన్నం తింటూ పులుసులో మామిడిముక్క కొరకబోయి కెవ్వుమన్నాను. నాయనమ్మ నా గడ్డం పట్టుకుని గడప వెలుతురు వైపు తిప్పింది, చూసింది, నెత్తి కొట్టుకుంది.

ఆ రోజునుంచి నా నోరు నాది కాకుండా పోయింది. వచ్చినవాళ్ళల్లా బొటనవేలితో నా పై పెదవి ఎత్తి చూసేవాళ్ళు. చూసి, నాతో కాదు, నా నెత్తి మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు. మా నాన్నకు పొలం తప్ప మరొకటి పట్టదు, దాని మానాన దాన్ని వదిలేయమన్నాడు. అమ్మకేమో బంగారు తొడుగు వేయించాలని ఉండేది, కోంటలో షావుకారు భార్యకు అలా ఉందట. పక్కింటి అవ్వ మాత్రం మిగిలిన మొండిపన్నును పీకిపారేస్తే పీడ పోతుందని తేల్చేసింది. అసలు ఆ పన్ను ఎవరి నోట్లో ఉందో వాళ్ళంతా మరిచిపోయినట్టే ఉండేది.

మా ఇంట్లో చివరి మాట నాయనమ్మది. "విరిగినపన్ను పిల్లను రేపెవరు చేసుకుంటరు? మొండిపన్ను పీకిచ్చి మంచి పన్ను కట్టిద్దాం. మీ అత్తకు కట్టియ్యలే? చూడు, ఎట్ల వరసగ ఉన్నయో!" అంది.

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళికి ముందు కోతికొమ్మచ్చి ఆడుతూ చెట్టు మీదినుంచి పడి ఆవిడ కూడా ఒక ముందుపన్ను పోగొట్టుకుందట. ఏరు దాటించి ఎక్కడికో తీసుకుపోయి, ఎముకతో చెక్కిన పన్నును వెండితీగతో పక్కపళ్ళకు కట్టించారు. ఆ పన్నుతోనే పెళ్ళయింది. మామయ్య పోయాక పుట్టింటికి వచ్చేసి, నాకు ఊహ తెలిసేనాటికే మాతో ఉంటోంది. ఆవిడంటే పిల్లలందరికీ హడలు. తిట్టేది కాదు, కొట్టేది కాదు, కానీ ఎప్పుడూ నవ్వేది కాదు. మాట్లాడితే రెండు ముక్కలు, అవి కూడా కొంగు చాటునుంచి. అందరూ తిన్నాక ఒంటరిగా గోడవైపు తిరిగి తినేది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి దడి వెనక ముఖం కడుక్కునేది. అది ఆవిడ గాంభీర్యమనుకునేవాళ్ళం. నాయనమ్మ మాత్రం చుట్టాలొస్తే కూతురిని పిలిచి, గర్వంగా, "జర పండ్లు చూపియ్యి బిడ్డా" అనేది. అత్త పెదవులు కొద్దిగా విప్పి చూపి వెంటనే మూసేసేది.

పళ్ళు కట్టేవాడు కోంట అంగడికి ఏడాదికోసారి, వానలకు ముందు వచ్చేవాడు. వానలు పడితే శబరి పొంగుతుంది, ఆపైన నాలుగు నెలలు ఎక్కడివాళ్ళు అక్కడే. అందుకని వాడు వచ్చేదాకా నన్ను ఇల్లు కదలనీయొద్దని హుకుం అయింది. ఎవరి కంటా పడకూడదట, పడితే ఊరంతా చెప్పుకుంటుందట. నడింట్లో, ధాన్యం గాదె పక్కన కూర్చుని గోడ సందులోంచి చూస్తుండేదాన్ని. తోటి పిల్లలు బుట్టలు తలమీద పెట్టుకుని అడవికి పోతూ మొదట్లో నన్ను కేకేసేవాళ్ళు. నేను పలకకపోయేసరికి పిలవడం మానేశారు. పిలిచినప్పటికంటే మానేసినప్పుడే ఎక్కువ ఏడుపొచ్చింది.

ఏ మూలకు పోయినా ఆ పీకుడు సంగతే గుర్తొచ్చేది. పన్ను నొప్పి లేదు, కదలడం లేదు, చన్నీళ్ళో పులుపో తగిలితే తప్ప దాని మానాన అది ఉంది. గట్టిగా ఉన్న దాన్ని ఎందుకు పీకాలి అని అడగాలని ఉండేది. అడగాలంటే నోరు తెరవాలి, తెరిస్తే మళ్ళీ ఎవరో ఒకరు బొటనవేలు పెట్టి చూస్తారు. ఆ ఎండాకాలం నా ఇరకాటం అది. చివరికి ఒకరోజు ధైర్యం చేసి దొడ్లో గిన్నెలు తోముతున్న అత్త దగ్గరికి పోయాను. నాకు తెలిసిన మనుషుల్లో పన్ను కట్టించుకున్నది ఆవిడొక్కతే కదా.

"అత్తా, కట్టేటప్పుడు మస్తు నొస్తదా?" అని చేతిచాటున అడిగాను.

అత్త చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. నా వైపు తిరిగింది. ఏదో చెప్పబోతున్నట్టు కొంగు కిందికి జరిగింది. అంతలో వంటింట్లోంచి నాయనమ్మ దగ్గు వినబడగానే కొంగు మళ్ళీ పైకి పోయింది. గిన్నెలు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకున్న ఒక్క తలుపూ మూసుకుపోయిందనుకున్నాను. ఆవిడ మీద నాకు వచ్చినంత కోపం పన్ను విరగగొట్టిన గింజ మీద కూడా రాలేదు.

పళ్ళాయన వచ్చాడని కబురు తెలిసింది. అంగడినాడు తెల్లవారుతూనే నాన్న బండి కట్టాడు. అమ్మ, నాయనమ్మ, మధ్యలో నేను. ఎప్పుడూ అంగడి ముఖం చూడని అత్త కూడా చెంగు బిగించుకుని వచ్చి బండెక్కి కూర్చుంది. పిల్ల భయపడుతుందేమో, తోడుంటానంది. నేను ముఖం తిప్పుకున్నాను. దారంతా ఆకాశం ముసురుపట్టి ఉంది. వాన పడి దారి బురదై బండి వెనక్కి తిరిగితే బాగుండునని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. దంతేశ్వరి తల్లికైతే కోడిని కూడా ఒప్పుకున్నాను. ఒక్క చుక్క రాలలేదు.

చింతపండు, ఇప్పపువ్వు, ఎండుచేపల కుప్పలు దాటాక, అంగడి చివర గుడ్డ పందిరి కింద ఉన్నాడాయన. ముందు పరచిన ఎర్రగుడ్డ మీద సున్నంతో చేసిన దవడలు, సీసాల నిండా పళ్ళు, పటకార్లు, ఆకురాళ్ళు, తీగచుట్టలు. చుట్టూ జనం. పీకించుకునేవాళ్ళకంటే చూడవచ్చినవాళ్ళే ఎక్కువ. నన్ను పీటమీద కూర్చోబెట్టారు. ఆయన వేళ్ళు లవంగం వాసన, పొగాకు వాసన కలిసి కొట్టాయి. పన్నును పట్టి అటూ ఇటూ కదిలించి చూశాడు, ఒక చిన్న కమ్మీతో తట్టాడు.

"పీకి కట్టు బాబూ, వరసగ రావాలె" అంది నాయనమ్మ. ఆయన సరేనని సీసాలోంచి పళ్ళు తీసి నా పక్కపన్ను పక్కన పెట్టి రంగు సరిచూడసాగాడు. అమ్మ వెనకనుంచి నా భుజాలు పట్టుకుంది. ఆయన పటకారు అందుకున్నాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆగు" అంది అత్త. "ముందుగాల నాది చూడు. చూస్తే పిల్లకు భయం పోతది."

నాయనమ్మ నవ్వింది. "నీకేమైందే? నీ పండ్లు బంగారమాయె" అంది.

అత్త నన్ను లేపి ఆ పీటమీద తను కూర్చుంది. అంతమంది మధ్య, అంగడి నడుమ, కొంగు దించింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి, పైవరస ముందుపళ్ళన్నీ ఒక్కసారే, ఎర్రటి రబ్బరు పట్టీతో సహా బయటికి తీసి వాళ్ళమ్మ అరచేతిలో పెట్టింది.

చూడవచ్చిన జనం నోరెళ్ళబెట్టారు. నాయనమ్మ చెయ్యి చాచినది చాచినట్టే ఉండిపోయింది. అత్త ముఖం నాకు గుర్తుపట్టరానంతగా మారిపోయింది. పై పెదవి లోపలికి పోయింది, బుగ్గలు జారాయి. మాట కూడా వేరేగా, గాలితో కలిసి వచ్చింది, అయినా ప్రతి ముక్కా అందరికీ వినబడింది.

"ఒక్క పన్ను కట్టించినవు గదమ్మా. దాన్ని ఆపేటందుకు పక్క రెండిట్లకు తీగె చుట్టిన్రు. ఆ తీగె ఆ రెండిట్ల మొదలు కోసింది. అవి ఊగులాడితే ఇంకో రెండిట్లకు చుట్టిన్రు. గట్లగట్ల నా ముందుపండ్లన్ని పోయినయ్. చివరికి మా ఇంటాయన రాజమండ్రి తోల్కపోయి ఈ పట్టీ చేయించిండు. తుమ్ముదామంటే భయం, నవ్వుదామంటే భయం, ఏడుద్దామన్నా భయమేనాయె. ఎక్కడ ఊడిపడతదో అని."

తర్వాత పళ్ళాయన వైపు తిరిగి నా పన్ను మొదలు ఎట్లా ఉందని అడిగింది. "బహుత్ గట్టిగ ఉంది మాయీ. అంచు రుద్దితే చాలు. తొడుగు కూడ వెయ్యొచ్చు. లేదంటే పీకి కట్టొచ్చు" అన్నాడాయన తాపీగా. మరి ముందే ఎందుకు చెప్పలేదని నాన్న గయ్యిమన్నాడు. "మీరు కట్టుమన్నరు, నేను కడతున్న. ఎట్ల ఉందని నన్నెవరడిగిన్రు?" అన్నాడు.

అప్పుడు అత్త నా చేతులు రెండూ పట్టుకుంది. "నోరు నీది. నీకేం గావాలె, చెప్పు" అంది.

ఆ ఎండాకాలమంతా ఆ మాట కోసమే నేను ఎదురుచూస్తున్నానని ఆవిడ అడిగేదాకా నాకూ తెలియదు. "నా పన్ను నాకుండనీ" అన్నాను. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయాను. అది చూసి అత్త నవ్వింది. బోసినోటితో, చిగుళ్ళు కనబడేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఆవిడ నవ్వుకు శబ్దం ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కిచకిచమంటూ చిన్నపిల్లల నవ్వులా ఉంది. విరిగిన పన్నుతో నేనూ నవ్వాను. చుట్టూ ఉన్న జనం కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వారు.

పళ్ళాయన సన్నటి ఆకురాయితో అంచు రుద్దాడు. ఒళ్ళంతా గగుర్పొడిచింది, నోట్లో సున్నం రుచి నిండింది, అంతలోనే అయిపోయింది. నాలుకతో తడిమి చూసుకున్నాను. పన్ను కురచగానే ఉంది, కానీ నున్నగా ఉంది, గీరడం లేదు.

తిరిగివచ్చేటప్పుడు బండిలో నాయనమ్మ ఆ పట్టీని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏటి దగ్గర ఎడ్లు నీళ్ళకు ఆగినప్పుడు, "నాకెందుకు చెప్పలేదే బిడ్డా?" అంది. అంత చిన్న గొంతు మా నాయనమ్మకు ఉందనుకోలేదు.

"నువ్వు నన్ను పదిమందికి చూపెట్టి సంబరపడుతుంటివి. ఎట్ల చెప్పాల్నమ్మా?" అంది అత్త.

నాయనమ్మ కొంగు విప్పి పట్టీ ఇచ్చేసి, అత్త తలను తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ ముసలివాళ్ళే, అయినా ఆ పూట ఒకరు తల్లిలా, ఒకరు పిల్లలా కనబడ్డారు. నాకు అత్తమీద ఉన్న కోపమంతా ఎప్పుడు పోయిందో తెలియదు. దొడ్లో ఆ రోజు కొంగు ఎందుకు పైకి పోయిందో మాత్రం తెలిసింది. ఎన్నో ఏళ్ళుగా నాలాగే ఆవిడా నోరు మూసుకుని కూర్చుంది. నన్ను విడిపించాలంటే ముందు తన నోరు తెరవాలి. అది ఎంత కష్టమో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ తర్వాత ఆ పట్టీ వంటింటి గూట్లో, ఇత్తడి గ్లాసులో, అందరి కళ్ళ ముందే ఉండేది. అత్త మా అందరితోపాటే కూర్చుని తినేది. తినడానికి పళ్ళు పెట్టుకునేది, నవ్వడానికి తీసేసేది. చుట్టాలు వింతగా చూస్తే నాయనమ్మే ముందుగా, "మా పిల్ల నవ్వు అదే, చూడుండ్రి" అనేది. ఆవిడకు అందులోనూ గర్వమే.

నా కురచపన్ను నాకు పెళ్ళి కాకుండా ఏమీ ఆపలేదు. రంగు మారింది, కాస్త నల్లబడింది, కానీ ముసలితనందాకా నాతో నడిచింది. ఇప్పుడు ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఆ మధ్య అది కాస్తా ఊడితే పళ్ళడాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు నా మనవరాలి ఈడు పిల్ల, ఓపికగా చెప్పింది. పక్కపళ్ళను అరగదీసి వాటి ఆసరాతో కదలకుండా కట్టొచ్చునట, దవడలో మర బిగించి దానిమీద నిలబెట్టొచ్చునట, లేదా రోజూ తీసి పెట్టుకునేది చేయొచ్చునట. అబ్బాయి నా తరఫున ఏదో ఖాయం చెయ్యబోతుంటే చెయ్యి ఎత్తి ఆపాను. "అరగదీసే ఆ రెండూ మంచివేనా అమ్మా?" అని అడిగాను. మంచివేనంది. అయితే వాటి జోలికి పోవద్దన్నాను. ఈ వయసులో మరలు బిగించుకునే ఓపిక లేదు, తీసి పెట్టుకునేది చాలన్నాను. ఆ పిల్ల నవ్వి, "మీ నోరు, మీ ఇష్టం మామ్మగారూ" అంది. ఆ మాట వినగానే నాకు కోంట అంగడి కళ్ళముందు కదిలింది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. చిన్నప్పటి అలవాటు మాత్రం నన్ను పూర్తిగా వదల్లేదు. ఎవరైనా నవ్విస్తే నా చెయ్యి ఇప్పటికీ నోటికి అడ్డంగా లేస్తుంది. సగం దూరం లేచాక, అంగడి నడుమ పీటమీద కూర్చుని, పళ్ళన్నీ తీసి అమ్మ చేతిలో పెట్టి నవ్విన మా మేనత్త గుర్తొస్తుంది. చెయ్యి దానంతట అదే కిందికి దిగిపోతుంది.